పరుపు మోసిన నలుగురు: జామ్‌ఖేడ్ గ్రామాల ఆరోగ్య చరిత్ర

మార్కు సువార్త రెండవ అధ్యాయంలోని కపెర్నహూము సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. పక్షవాయువుతో పడి ఉన్న ఒక మనిషిని నలుగురు మోసుకొని వచ్చారు. వాకిలి నిండా జనం. లోపలికి దారి లేదు. వారు ఇంటికప్పు విప్పి అతనిని పరుపుతో సహా క్రిందికి దించారు. ఈ భాగం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ స్వస్థత పొందినవాని గురించి చెప్పానే గాని, మోసినవారి గురించి ఆగి ఆలోచించలేదు. వారి పేర్లు సువార్తలో లేవు. వారిది ఏ వృత్తో, వారికి ఒకరంటే ఒకరికి సరిపడేదో లేదో మనకు తెలియదు. తెలిసినది ఒక్కటే. పరుపుకు నాలుగు మూలలు. ఒక్కరు వదిలినా అది ఒరిగిపోతుంది.

మన డయోసిస్ శతవార్షికోత్సవ సంచికకు వైద్య పరిచర్య చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాయమని సంచిక కమిటీ వారు అడిగినప్పుడు, ఆస్పత్రుల పేర్లు, అవి కట్టిన సంవత్సరాలు, పనిచేసిన దొరసానుల పేర్లు వరుసగా వ్రాయవచ్చునని మొదట అనుకున్నాను. ఆ వివరాలు మన పెద్దలకు నాకంటె బాగా తెలుసు. అందుచేత వేరొక ప్రశ్న తీసుకున్నాను. ఒక ఇంటివారు కానివారు, ఒక కులంవారు కానివారు, ఒక మతంవారు కూడా కానివారు ఒకచోట చేరి తమ ఊరి జబ్బును తామే తరిమివేయటం ఎప్పుడైనా జరిగిందా? జరిగితే ఎట్లా జరిగింది? ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో పుట్టలేదు. ముందుగా అది చెబుతాను.

మేము చేసిన పొరపాటు

ఆర్డినేషన్ పొందిన తొలి సంవత్సరాలలో నేను పనిచేసిన పాస్టరేటు క్రింద ఒక పల్లె ఉండేది. వానాకాలం మొదట్లో అక్కడ వాంతులు, విరేచనాలు ప్రబలాయి. మేము వెంటనే కదిలాము. పట్నం నుండి వైద్యులను పిలిపించి, చర్చి ఆవరణలో షామియానా వేసి, ఉచిత వైద్య శిబిరం పెట్టాము. స్త్రీల మైత్రి సభ్యులు వచ్చినవారందరికీ వంట చేశారు. యౌవనస్థులు మందులు పంచారు. ఫోటోలు తీయించాము. ఎంతమంది వచ్చారో లెక్క వేసి నివేదిక పంపాను. అందరూ మెచ్చుకున్నారు.

మరుసటి సంవత్సరం అదే నెలలో, అదే పల్లెలో, అదే జబ్బు తిరిగి వచ్చింది. ఈసారి ఒక చంటిబిడ్డ సమాధి ఆరాధన నేనే జరిపించవలసి వచ్చింది. ఆ తరువాత తెలిసింది. పల్లెకు వచ్చే మంచినీళ్ల గొట్టం ఒకచోట మురుగుకాలువను దాటి వస్తుంది. సరిగ్గా అక్కడ పగిలి ఉన్నది. ఈ సంగతి నీళ్లు పట్టుకునే ఆడవారందరికీ తెలుసు. బాగుచేయించవలసినవారు ఊరిలో ఉన్నారు, గొట్టం పగిలినది పల్లెలో. ఊరికీ పల్లెకూ నడుమ ఈ మాట మోసేవారు లేరు. మేమైనా అడిగామా అంటే, మందులు పంచే తొందరలో ఆ ఆడవారిని ఒక్కమాట కూడా అడగలేదు.

ఆనాటి నుండి నాకు ఈ ప్రశ్న విడువలేదు. దానికి జవాబు వెదుకుతూ పోగా మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ అనే ఊరి చరిత్ర నా కంటబడింది. అక్కడికి వెళ్లే ముందు, మన ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మిషన్లు కలిసిన కాలం

మదనపల్లె దగ్గర ఉన్న ఆరోగ్యవరం పేరు మన పెద్దలందరికీ తెలిసినదే. క్షయకు మందు లేని రోజులు అవి. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం, ఇవే చికిత్స. అంతటి శానిటోరియం కట్టి నడిపే శక్తి ఏ ఒక్క మిషన్‌కూ లేదు. అందుచేత దక్షిణాదిలో పనిచేస్తున్న పలు మిషన్లు తమ తమ భేదాలు ప్రక్కన పెట్టి, డబ్బు కలిపి, మనుషులను కలిపి, 1915లో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియంను తెరిచాయి. డెన్మార్క్ దేశం నుండి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని పెంచి పెద్దచేశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. అంటే బల్ల దగ్గర కలవటానికి ముప్ఫై రెండు సంవత్సరాల ముందే మన మిషన్లు రోగి మంచం దగ్గర కలిశాయి. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాను తొలిగా ప్రయోగించి చూసినదీ మదనపల్లెలోనే.

ఇది మనం గర్వించదగిన చరిత్ర. అయితే ఆ కలయిక మిషన్ల కలయిక, పై నుండి జరిగిన కలయిక. రోగి అందులో పరుపు మీద పడుకొన్నవాడే గాని మోసేవారిలో ఒకడు కాడు. క్షయ పుట్టే ఇరుకు ఇండ్లు, చాలని తిండి, ఊరికీ పల్లెకూ ఉన్న ఎడం, ఇవి శానిటోరియం ప్రహరీగోడకు అవతలనే ఉండిపోయాయి.

ఈ లోటు ఒక్క మన దేశానిదే కాదు. 1964లో జర్మనీ దేశంలోని ట్యూబింగెన్ పట్టణంలో ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి ఒక సమాలోచన జరిపాయి. స్వస్థపరచే పని ఆస్పత్రిలోని నిపుణులకు మాత్రమే సంబంధించినదా, సంఘమంతటికీ సంబంధించినదా అన్నది అక్కడ చర్చ. 1967లో మరల అక్కడే కూడారు. 1968లో జెనీవా కేంద్రంగా క్రిస్టియన్ మెడికల్ కమిషన్ ఏర్పడింది. దాని మొదటి డైరెక్టరు జేమ్స్ మెక్‌గిల్వ్రే అంతకుముందు మన వెల్లూరు ఆస్పత్రిలో పనిచేసినవారు. ఆ కమిషన్ ముందుకు వచ్చిన లెక్కలు చూచి సంఘాలు ఉలిక్కిపడ్డాయి. చర్చి వైద్య కృషిలో నూటికి 95 పాళ్లు జబ్బు వచ్చిన తరువాత చేసే చికిత్సకే పోతున్నది. ఆస్పత్రిలో చేరుతున్నవారిలో కనీసం సగం మంది, ముందు జాగ్రత్తతో రాకుండా ఆపగలిగిన జబ్బులతో వస్తున్నారు. ఒక విధంగా చెప్పాలంటే ప్రపంచమంతటా చర్చి నా శిబిరం వంటి శిబిరమే నడుపుతున్నది. గొట్టం మాత్రం పగిలే ఉన్నది.

ఇద్దరు వైద్యులు, ఒక పాత పశువుల డిస్పెన్సరీ

డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే భార్యాభర్తలు. ఇద్దరూ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివారు. 1960లో వివాహమైన నాడే పల్లెల్లోని పేదలకు తమ జీవితం ఇవ్వాలని ప్రమాణం చేసుకున్నారు. తొలుత మహారాష్ట్రలో వడాళా అనే చోట మిషన్ ఆస్పత్రిలో పనిచేశారు. పగలూ రాత్రీ రోగులే. కొంతకాలానికి వారు ఒకటి గమనించారు. బాగుచేసి పంపినవారే అదే జబ్బుతో తిరిగి వస్తున్నారు. అతిసారం తగ్గి ఇంటికి వెళ్లిన బిడ్డ అదే బావి నీళ్లు తాగి మరల వస్తున్నది. ఆస్పత్రి ఎంత బాగా నడిచినా చుట్టుప్రక్కల పల్లెల ఆరోగ్యం మారటం లేదు.

ఈ సంగతి తేల్చుకోవటానికి వారు అమెరికా వెళ్లి, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివారు. అక్కడ వారి గురువు కార్ల్ టేలర్. ఆయన మన దేశంలోనే ఒక మిషనరీ కుటుంబంలో పుట్టిన వైద్యుడు. 1970లో ఆరోలే దంపతులు తిరిగి వచ్చి, నాటి అహ్మద్‌నగర్ జిల్లాలోని జామ్‌ఖేడ్‌ను ఎంచుకున్నారు. వానలు సరిగా పడని ప్రాంతం. మంచి రోడ్లు లేవు. పని కొరకు ప్రతి సంవత్సరం వలస పోయే జనం.

వారు ముందుగా స్థలం కొని ఆస్పత్రి కట్టలేదు. ఊరి పెద్దల దగ్గరకు వెళ్లి తమ ఆలోచన చెప్పి, మీరు పిలిస్తేనే వస్తామన్నారు. వేర్వేరు కులాలవారు, వేర్వేరు పార్టీలవారు కలిసి ఒక సలహా సంఘంగా ఏర్పడ్డారు. వాడకంలో లేని ఒక పాత పశువుల డిస్పెన్సరీ ఇచ్చారు. అందులోనే పని మొదలైంది. మనం సాధారణంగా చేసేది దీనికి తలక్రిందులు. ముందు కట్టడం, తరువాత ప్రారంభోత్సవం, ఆ పిమ్మట జనాన్ని రమ్మనటం.

మీకేం కావాలి?

ప్రజలను అడిగితే వారు ఆరోగ్యం కావాలని చెప్పలేదు. నీళ్లు కావాలన్నారు. తిండి కావాలన్నారు. మహారాష్ట్రలో 1972 ప్రాంతం గొప్ప కరువుకాలం. పంటలు ఎండిపోయాయి, పశువులు చచ్చాయి. వైద్యులు వచ్చినది ఆరోగ్యం కొరకు. జనం అడిగినది అన్నం. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గాలి? ఆరోలే దంపతులు జనం మాటే పట్టుకున్నారు. ఐదేళ్లలోపు పిల్లలకు పల్లెలలో ఉమ్మడి వంటశాలలు వెలిశాయి. వంట చేసినవారు గ్రామస్థులే. ఆ వంటశాలలకు కావలసిన ధాన్యం కొరకు రైతులు కొంత భూమిని కూడా కేటాయించారు. చిక్కిపోయిన బిడ్డకు టీకా కంటె ముందు గంజి కావాలన్న సంగతి పెద్ద చదువులు చదివిన వైద్యులకు పల్లె నేర్పింది.

పల్లెలోని మగవారిని కూర్చోబెట్టటం అంత సులభం కాలేదు. మీటింగు అంటే పెత్తనం చేసేవారే ముందు కూర్చుంటారు, మిగిలినవారు దూరంగా నిలబడతారు. అందుకు వారు పట్టిన ఉపాయం వాలీబాల్. సాయంకాలం ఆట. డాక్టరుగారు కూడా ఆడేవారు. ఒకే జట్టులో ఆడేటప్పుడు బంతి ఎవరి చేతి నుండి వచ్చిందో చూచి అందుకోవటం కుదరదు. ఆట తరువాత కూర్చున్న మాటలే యువ రైతు సంఘాలకు ఆరంభం. వ్యవసాయం గురించి మొదలైన మాట నీటికి, నీటి నుండి విరేచనాలకు, అక్కడి నుండి పిల్లల బరువుకు వచ్చింది. కొంతకాలానికి ఆ రైతులే ఇంటింటి లెక్కలు వ్రాయటానికి, పిల్లలను తూచటానికి, టీకాల రోజున అందరినీ కూడదీయటానికి, బావులలో క్లోరిన్ కలపటానికి ముందుకు వచ్చారు. తర్వాత చెట్లు నాటారు, వాననీటికి అడ్డుకట్టలు వేశారు.

ఇక బోరుబావుల సంగతి. ఊరిలో బోరు వేస్తే దళితులు అక్కడికి రాకూడదు. ఇది ఆ ప్రాంతపు ఆచారం. మన ప్రాంతంలో లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. బోరు ఎక్కడ వేయాలో నిర్ణయించే భూగర్భ శాస్త్రజ్ఞునితో డాక్టరుగారు ముందుగా మాట్లాడుకున్నారు. దళితవాడలో నీరు పడే చోట్లు గుర్తించమన్నారు. నీరు అక్కడే పడింది. కరువులో గొంతు ఎండినవారు ఎవరైనా నీటి దగ్గరకే రావాలి గదా. పై కులాల ఆడవారు బిందెలు పట్టుకొని దళితవాడకు వచ్చారు. ఒక ప్రసంగం లేదు, ఒక తగవు లేదు. ఒకే నీరు అందరికీ దక్కింది. ఏ కులం బిడ్డకైనా ఆ నీటితో విరేచనాలు తగ్గాయి.

వరుసలో నిలబడ్డ ఆ బిందెల గురించి చదివినప్పుడు నాకు మా పల్లె గొట్టం గుర్తుకు వచ్చింది.

చదువురాని స్త్రీలు వైద్యులైన విధం

పల్లెలలో ఉండి పనిచేయటానికి మొదట శిక్షణ పొందిన నర్సులను పంపాలని చూశారు. అది సాగలేదు. చదువుకున్న యువతి పరాయి పల్లెలో ఒంటరిగా ఉండటానికి భయపడింది. పల్లెవారు ఆమెను తమ మనిషిగా ఎంచలేదు. అప్పుడు గ్రామ పెద్దల నుండే ఒక మాట వచ్చింది. మా ఊరి ఆడమనిషినే నేర్పించరాదా?

ఆ విధంగా గ్రామ ఆరోగ్య కార్యకర్తలు వచ్చారు. ప్రతి పల్లె తన మనిషిని తానే ఎంచుకున్నది. ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు. చాలామంది నడివయసు దాటినవారు, దళిత కుటుంబాలవారు, భర్త విడిచిపెట్టినవారు. వారం వారం జామ్‌ఖేడ్‌కు వచ్చి రెండు రోజులు ఉండేవారు. అన్ని కులాలవారూ ఒకచోట తిని, ఒకచోట పడుకోవాలి. మొదట్లో ఇదే వారికి అన్నిటికంటె కష్టమైన పాఠం. బొమ్మల అట్టలు, పాటలు, ఒకరి అనుభవం ఒకరు చెప్పుకోవటం, ఇదే చదువు. కడుపుతో ఉన్న స్త్రీ తిండి తగ్గించుకోవాలనే పాత నమ్మకాన్ని ఎట్లా మాన్పించాలి, పుట్టిన బిడ్డకు తొలిపాలు పారబోయకుండా ఎట్లా పట్టించాలి, విరేచనాల బిడ్డకు ఉప్పు, పంచదార కలిపిన నీరు ఎట్లా ఇవ్వాలి, శుభ్రంగా కాన్పు ఎట్లా చేయాలి, ఇవి నేర్చుకున్నారు. ఈ వారం నేర్చినది ఆ వారమే తమ పల్లెలో చెప్పేవారు. నచ్చకపోతే జనం ఎదురు అడిగేవారు. ఆ ప్రశ్నలు తిరిగి జామ్‌ఖేడ్‌కు వచ్చేవి.

కుష్ఠు, క్షయ రోగులను దాచిపెట్టే ఇండ్లలోకి ఏ డాక్టరూ వెళ్లలేడు. ఈ స్త్రీలు వెళ్లారు. మచ్చ కనిపించిన వెంటనే చెప్పి, మందు మొదలుపెట్టించి, ఆ రోగిని ఊరు వెలివేయకుండా కాచారు. కుష్ఠు రోగులకు వేరే ఆస్పత్రి, వేరే గది లేవు. అందరితోపాటు అదే వరుసలో నిలబడి మందు తీసుకునేవారు.

స్త్రీల సంఘాలు తరువాత వచ్చాయి. చిన్న అప్పులు, చిన్న వ్యాపారాలు, ఆడపిల్లల చదువు, బాల్యవివాహాలు, త్రాగుబోతు భర్తలు, అన్నీ ఆ సంఘాలలో మాటకు వచ్చేవి. ఆరోగ్యానికీ వీటికీ ఏమిటి సంబంధం అని అడిగేవారు పల్లె స్త్రీ దినచర్య ఒకసారి చూడాలి.

ఆస్పత్రిని మూసివేశారని ఎవరూ అనుకోవద్దు. కష్టమైన కాన్పులకు, శస్త్రచికిత్సలకు జామ్‌ఖేడ్‌లో ఆస్పత్రి ఉండనే ఉన్నది. కాని పల్లెకు అది చివరి మెట్టు అయింది. అందులో డాక్టరు, నర్సు, డ్రైవరు, గ్రామ కార్యకర్త ఒకే చాప మీద కూర్చొని మాట్లాడేవారు. 1988లో ఆ కార్యకర్తలలో ఒక స్త్రీ అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో పెద్ద సభలో మాట్లాడింది. పైన వేలాడే గాజు దీపాల గుత్తిని చూపించి, వైద్యులు అటువంటివారని, అందమైనవే గాని ఖరీదైనవి, అందనివి అని చెప్పింది. తన సంచిలో నుండి ఒక చిన్న దీపం తీసి వెలిగించి, తాము ఇటువంటివారమని, ఈ దీపం చవకైనది, మరొక దీపాన్ని వెలిగించగలదని చెప్పింది. బడి ముఖం చూడని ఆ స్త్రీ మాటకు సభ అంతా లేచి నిలబడింది.

లెక్కలు, లోకం

పని మొదలైన కొత్తలో, 1971లో, ఆ పల్లెలలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 176 మంది ఏడాది నిండకుండా చనిపోయేవారు. 1976 నాటికి ఆ సంఖ్య 52కు దిగింది. అంటే వెయ్యికి 124 మంది తల్లులకు కడుపుకోత తప్పింది. ఐదేళ్లలో ఇంత మార్పు కొత్త మందుల వలన వచ్చినది కాదు. టీకాలు అంతకుముందూ ఉన్నాయి, ఉప్పూ పంచదారా అంతకుముందూ ఉన్నాయి. లేనిది వాటిని ఇంటింటికీ మోసే కలయిక.

ఈ సంగతి జామ్‌ఖేడ్‌లోనే ఆగిపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు 1973లో డైరెక్టర్ జనరల్ అయిన డాక్టర్ హాఫ్‌డాన్ మాలర్ ఒక బాప్టిస్టు బోధకుని కుమారుడు. అంతకుముందు మన దేశంలో క్షయ నివారణ పనిలో పది సంవత్సరాలు గడిపినవారు. 1974లో ఆయన సంస్థకూ, క్రిస్టియన్ మెడికల్ కమిషన్‌కూ మధ్య కలిసి పనిచేసే ఒప్పందం కుదిరింది. ఆ సంస్థ 1975లో ప్రచురించిన ఒక గ్రంథంలో, ప్రజలే తమ ఆరోగ్యాన్ని చేపట్టిన దేశదేశాల ఉదాహరణలలో జామ్‌ఖేడ్ కూడా చేరింది. 1978 సెప్టెంబరులో నాటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటా నగరంలో 134 దేశాల ప్రతినిధులు కూడి, ప్రాథమిక ఆరోగ్యం అందరి హక్కు అని, దానిని ఆలోచించటంలోనూ అమలుచేయటంలోనూ పాల్గొనటం ప్రజల హక్కూ బాధ్యతా అని ప్రకటించారు. మరుసటి సంవత్సరం, 1979లో, ఆరోలే దంపతులకు మెగసెసే బహుమతి లభించింది. మేబెల్ గారు 1999లోను, రజనీకాంత్ గారు 2011లోను ప్రభువునందు నిద్రించారు.

అనుకరించినప్పుడు ఏమైంది

చరిత్ర వ్రాసేవాడు గెలుపు మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. 1977 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం ప్రతి వెయ్యిమందికి ఒక గ్రామ ఆరోగ్య కార్యకర్త అనే పథకం ప్రారంభించింది. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయలు. పైకి చూస్తే జామ్‌ఖేడే. కాని చాలాచోట్ల ఎంపికైనవారు మగవారు, పెత్తందారులకు కావలసినవారు. వారిని ఊరు ఎంచుకోలేదు గనుక వారు ఊరికి జవాబు చెప్పవలసిన పని లేకపోయింది. పథకం క్రమంగా నీరుగారింది. దీపం బొమ్మను తెచ్చారు గాని నూనె పోయలేదు.

ఆ అనుభవం వృథా పోలేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ క్రింద ఆశా కార్యకర్తలను నియమించినప్పుడు, ఆ ఊరి స్త్రీయే కావాలని నియమం పెట్టారు. ఈనాడు మన పల్లెలలో ఇంటింటికీ తిరుగుతున్న ఆశా అక్క వెనుక అటువంటి చరిత్ర ఉన్నది. పోలియో సంగతి కూడా అంతే. ఉత్తరప్రదేశ్‌లో చుక్కల మందు మీద అనుమానం పుట్టి తలుపులు మూసుకున్నప్పుడు, మసీదు ఇమాములు, బడి పంతుళ్లు, ఆ వాడల స్త్రీలు కలిసి నడిస్తేనే తలుపులు తెరుచుకున్నాయి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న కనుగొన్నారు. 2014 మార్చి 27న దేశానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. ఒక్క ప్రభుత్వం గాని, ఒక్క మతంవారు గాని చేయగలిగిన పని కాదది.

మన సంఘాలకు

జామ్‌ఖేడ్ నుండి నేను నేర్చినది చివరగా చెబుతాను. కలిసి పనిచేయటం అంటే మనం ఒక కార్యక్రమం నిర్ణయించి ఇతరులను ఆహ్వానించటం కాదు. ముందు అడగాలి. అడిగి వచ్చిన జవాబు మన శిబిరానికి పనికిరాకపోయినా దానినే పట్టుకోవాలి. రెండవది, ఎవరిని మనం సహాయం పొందేవారిగా చూస్తున్నామో వారే మోసేవారిలో ముందుండాలి. మూడవది మనకే తగిలే మాట. బయటివారి కులభేదం గురించి మాట్లాడే ముందు మన సమాధుల తోటలు, మన పెండ్లి సంబంధాలు, మన కమిటీ ఎన్నికలు చూచుకోవాలి. మన మధ్యనే ఒకరి చేతినీళ్లు ఒకరు తాగలేకపోతే ఊరి బోరు దగ్గర మనం ఎవరిని కలుపగలం?

ఆ గొట్టం సంగతి ఏమైందని మీరు అడుగవచ్చు. రెండవ సంవత్సరం బిడ్డ పోయిన తరువాత, పల్లె ఆడవారు నలుగురు నా దగ్గరకు వచ్చి, అయ్యగారూ, ఈసారి మందులు వద్దు, మాతో పంచాయతీకి రండి అన్నారు. నేను ఒక్కడినే పోవటానికి జంకి ఊరి బడి హెడ్‌మాస్టరుగారిని అడిగాను. ఆయన రామభక్తులు. వెంటనే బయలుదేరారు. దారిలో వార్డు మెంబరు కలిశారు. ఆ వేళ మాట్లాడింది ఆడవారే. మేము ప్రక్కన నిలబడ్డాము. గొట్టం మార్చటానికి పట్టింది ఒక పూట పని. రెండు వానాకాలాలు మేము చేయలేనిది ఒక పూటలో అయింది. ఆ మూడవ వానాకాలం పల్లెలో విరేచనాలు రాలేదు.

ఈ శతవార్షికోత్సవ సంవత్సరంలో ప్రతి పాస్టరేటునూ నేను ఒక్కటి కోరుతున్నాను. కొత్త కట్టడానికి పునాదిరాయి వేసే ముందు, మీ పల్లెలలో నీళ్లు మోసే స్త్రీలను పిలిచి, ఆశా కార్యకర్తను కూర్చోబెట్టి, బడి పంతులుగారిని, గుడి పెద్దను, మసీదు పెద్దను పిలిచి, మన ఊరిలో పిల్లలకు జబ్బు ఎక్కడి నుండి వస్తున్నదని అడగండి. వారు చెప్పినది వ్రాసుకోండి. తరువాత పరుపుకు ఒక మూల మాత్రమే పట్టుకోండి. మిగిలిన మూడు మూలలు పట్టేవారు ఊరిలోనే ఉన్నారు. మనం ఇన్నాళ్లూ వారిని పిలవలేదు, అంతే.